ఫ్రీ ఆన్‌లైన్ కోర్సులు నమ్ముకుని ఉద్యోగం దాకా వెళ్ళొచ్చా? మా చెల్లి కోసం అడుగుతున్నా

జిరాక్స్ షాపు శీను

అందరికీ నమస్తే. మాది నరసరావుపేట. చిన్న జిరాక్స్, నెట్ షాపు నడుపుతున్నా. హాల్ టికెట్లు, ఈసీలు, పాన్ కార్డు అప్లికేషన్లు, ఇదే నా లోకం. కోర్సుల గురించి నాకు పెద్దగా తెలీదు కాబట్టి తెలిసినవాళ్ళు కాస్త విడమరిచి చెప్పండి.

మా చెల్లి ఇక్కడే బీఎస్సీ కంప్యూటర్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీకొచ్చాక పుస్తకాలన్నీ ఇంగ్లీషు. మార్కులు బాగానే వస్తాయి గానీ అవి బట్టీ మార్కులని దానికీ తెలుసు, నాకూ తెలుసు. మా బాబాయి కొడుకు అమీర్‌పేటలో ఏదో కోర్సు చేసి ఇప్పుడు గచ్చిబౌలిలో పనిచేస్తున్నాడు. సెలవుల్లో దీన్ని కూడా పంపించమని ఒకటే పోరు. కోచింగ్ ఫీజు, హాస్టల్, తిండి అన్నీ లెక్కేస్తే యాభై వేలు దాటుతోంది. నాన్న స్పిన్నింగ్ మిల్లులో చేస్తారు. ఆ అంకె ఇంట్లో పైకి అనే పరిస్థితి లేదు.

చెల్లే అంది, "అన్నయ్యా, ఐఐటీ వాళ్ళవి, హార్వర్డ్ వాళ్ళవి కూడా నెట్‌లో ఫ్రీగా ఉన్నాయి. రాత్రి షాపు కట్టేసే ముందు ఒక రెండు గంటలు సిస్టమ్ ఇవ్వు చాలు" అని. ఇచ్చాను. మొదటి వారం ఉత్సాహం చూస్తే నాకే ముచ్చటేసింది. ఇప్పుడు చూస్తే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఒకటి, డేటా సైన్స్ ఒకటి, వెబ్ డిజైన్ ఒకటి, కమ్యూనికేషన్ స్కిల్స్ ఒకటి, నాలుగింట్లో చేరింది. ఏదీ రెండో వారం దాటలేదు. అడిగితే "వాళ్ళు మాట్లాడే స్పీడు అర్థం కావట్లేదు" అంటుంది. ఇంకోసారి "అడగడానికి ఎవరూ లేరు" అంటుంది. పైగా ఒక సైటు వాళ్ళు ఏడు రోజులు ఉచితం అని చెప్పి నా డెబిట్ కార్డు నంబరు తీసుకుని, ఎనిమిదో రోజు పొద్దున్నే డబ్బులు లాగేశారు. ఏది ఫ్రీనో ఏది కాదో షాపు నడిపే నాకే అర్థం కాలేదు, దానికేం అర్థమవుతుంది.

నా డౌట్లు ఇవీ. ఈ ఫ్రీ కోర్సులు చేసినవాళ్ళకి నిజంగా ఉద్యోగాలు వస్తున్నాయా? సర్టిఫికెట్‌కి విలువ ఉందా? తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఎక్కడ మొదలుపెట్టాలి? లేక అప్పో సప్పో చేసి అమీర్‌పేట పంపడమే నయమా?

కోడ్ కుర్రోడు

అన్నా, ఇంత ఆలోచన అక్కర్లేదు. యూట్యూబ్ ఉంది, తెలుగులోనే బోలెడు ఛానెళ్ళున్నాయి. చూస్తూ పోతే అదే వస్తుంది. నేను అలాగే నేర్చుకున్నా.

జిరాక్స్ షాపు శీను

తమ్ముడూ, చూస్తూనే ఉంది కదా. చూడటం అయితే బాగానే వచ్చింది, చెయ్యడమే రావట్లేదు.

లోకల్ చాప్టర్ మేడమ్

శీను గారూ, నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్స్ చెప్తాను. పాఠాలతో పాటు నా నెత్తిన పెట్టిన ఇంకో పని ఎన్‌పీటెల్ (ఐఐటీ వాళ్ళ ఆన్‌లైన్ కోర్సులు) లోకల్ చాప్టర్, అంటే మా కాలేజీలో ఆ కోర్సుల వ్యవహారం చూడటం. పిల్లల్ని ఆ కోర్సుల్లో చేర్పించడం, ఎవరు అసైన్‌మెంట్ పెట్టారో ఎవరు పెట్టలేదో చూడటం, పరీక్ష ఫీజు గడువు గుర్తుచేయడం, రిజల్ట్స్ వచ్చాక ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయో ప్రిన్సిపాల్ గారికి లెక్క చెప్పడం. ఈ పని చూసేవాళ్ళని సింగిల్ పాయింట్ ఆఫ్ కాంటాక్ట్, పొట్టిగా స్పాక్ అంటారు, అందుకే మా పిల్లలు నన్ను స్పాక్ మేడమ్ అంటారు. ఈ వ్యవహారంలో మంచీ చెడూ రెండూ దగ్గర్నుంచి చూస్తున్నాను కాబట్టి కొంచెం పెద్దగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఎన్‌పీటెల్‌ని ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టాయి. మొదట్లో అదొక వీడియోల గోడౌన్. కావలసినవాళ్ళు వెళ్ళి తెచ్చుకోవాలి, అంతే. పరీక్ష, సర్టిఫికెట్ 2014లో వచ్చాయి. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వపు స్వయం పోర్టల్‌లో ఈ కోర్సులన్నీ కనిపిస్తాయి. ఏడాదికి రెండు విడతలు, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి. కోర్సు 4 వారాలు, 8 వారాలు, 12 వారాలు ఉంటుంది. వారం వారం వీడియోలు, వారానికో అసైన్‌మెంట్. మా పిల్లలు చేసే వాటిలో ఎక్కువగా బుధవారం రాత్రి 11:59కి గడువు.

చేరడం, చూడటం, అసైన్‌మెంట్లు రాయడం పూర్తిగా ఉచితం. కార్డు నంబరు అడగరు. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం కోర్సుకి వెయ్యి రూపాయలు కట్టి, సెంటర్‌కి వెళ్ళి, కంప్యూటర్ ముందు కూర్చుని పరీక్ష రాయాలి. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి అందులో సగం. మార్కుల్లో 25 అసైన్‌మెంట్లకి, 75 పరీక్షకి. పాసవ్వాలంటే అసైన్‌మెంట్లలో 10, పరీక్షలో 30 విడివిడిగా తెచ్చుకోవాలి. అన్ని అసైన్‌మెంట్లూ లెక్కలోకి రావు. 12 వారాల కోర్సయితే బాగా వచ్చిన 8 తీసుకుంటారు. కాబట్టి ఒక వారం జ్వరమొచ్చినా, ఇంట్లో పెళ్ళయినా కొంప మునగదు.

ఆ "విడివిడిగా" అన్నదగ్గరే అసలు తంటా. బుధవారం మధ్యాహ్నం నుంచి టెలిగ్రామ్ గ్రూపుల్లో జవాబులు తిరుగుతాయి. వాటిల్లో తప్పులు కూడా ఉంటాయి. నేను డ్యాష్‌బోర్డులో మార్కులు చూస్తుంటే ఒక సెక్షన్ సెక్షనంతా పదికి తొమ్మిదే కనిపిస్తుంది. ల్యాబ్‌లో అడిగితే అందరూ ఏడో ప్రశ్నకి 'సి' అనే పెట్టి ఉంటారు. ఎందుకు 'సి' అంటే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటారు. ఆ తర్వాత పరీక్ష. అసైన్‌మెంట్లలో 25కి 24, పరీక్షలో 75కి ఇరవై చిల్లర. ఫెయిల్. కట్టిన వెయ్యీ పోతుంది. పోయిన వెయ్యి గురించి కాలేజీలో ఎవరూ మాట్లాడరు.

పిల్లల్ని తిట్టి లాభం లేదు. ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్లని డిగ్రీలో కలుపుకోవచ్చని యూజీసీ 2016లో చెప్పింది, అప్పుడు 20 శాతం వరకు. 2021లో దాన్ని 40 శాతం చేశారు. ఉద్దేశం మంచిదే. మా ఊళ్ళో లేని సబ్జెక్టు ఖరగ్‌పూర్ ప్రొఫెసర్ దగ్గర చదువుకుని దాన్నే డిగ్రీలో చూపించుకోవచ్చు. కానీ కాలేజీలకి అది ఫైల్లో పెట్టుకునే అంకె అయింది. కాలేజీలకి గ్రేడు ఇచ్చే నాక్ వాళ్ళు వచ్చినప్పుడు చూపించడానికి ఒక ఫోల్డర్ ఉంటుంది, ఆ ఫోల్డర్ నిండాలి. నిండుతుంది కూడా. మేం లెక్చరర్లం మాత్రం తక్కువ తిన్నామా, మా ప్రమోషన్ల కోసం మేమూ ఇవే కోర్సులు చేస్తాం. మాలోనూ టెలిగ్రామ్ గ్రూపులున్నాయి. ఇంతకంటే చెప్తే బాగోదు.

ఇప్పుడు రెండోవైపు. పోయినేడు మా దగ్గర ముగ్గురు అమ్మాయిలు ఉండేవాళ్ళు, ముగ్గురూ తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళే. కాలేజీ నాలుగున్నరకి వదిలేస్తారు, వాళ్ళ బస్సు ఐదుంబావుకి. ఆ మధ్యలో ల్యాబ్‌లో ఒకే సిస్టమ్ ముందు ముగ్గురూ కూర్చునేవాళ్ళు. ఐఐటీ రోపార్ నుంచి సుదర్శన్ అయ్యంగార్ గారు చెప్పే 'జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్' పెట్టుకునేవాళ్ళు. స్పీడు 0.75కి తగ్గించి, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఆన్ చేసి. ప్రతి నాలుగైదు నిమిషాలకి ఆపేసేవాళ్ళు. ఒకమ్మాయి అప్పటిదాకా విన్నది తెలుగులో చెప్పాలి, రెండో అమ్మాయి టైప్ చెయ్యాలి, మూడో అమ్మాయి తప్పు పట్టాలి. ఇది వాళ్ళు పెట్టుకున్న రూలే, నేను చెప్పింది కాదు.

ఒకరోజు నేను లోపలికి వెళ్ళేసరికి పెద్ద గొడవ. వరసగా అంకెలిచ్చే రేంజ్ అనే కమాండ్ పక్కన బ్రాకెట్లో 1 కామా 10 అని ఇస్తే స్క్రీన్ మీద 1 నుంచి 9 దాకానే వచ్చింది. "పది ఎటు పోయిందే?" అని ఒకతి. "నువ్వేదో తప్పు కొట్టావు" అని ఇంకొకతి. నన్ను అడిగితే ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. అడగలేదు. 1 కామా 5 ఇచ్చి చూశారు, 0 కామా 3 ఇచ్చి చూశారు, ఒక్క 10 మాత్రమే ఇచ్చి చూశారు. చివరికి మూడో అమ్మాయి, "రెండో నంబరు గేటే, అక్కడిదాకా వెళ్ళి ఆగిపోవాలి, లోపలికి పోకూడదు" అంది. బస్సు హారన్ కొడుతున్నా లేవలేదు. ఆ ముగ్గురూ పరీక్ష పాసయ్యారు. ఒకమ్మాయికి మొత్తం నూటికి 75 దాటి ఎలీట్ సిల్వర్ సర్టిఫికెట్ వచ్చింది. అదే కోర్సులో టెలిగ్రామ్ మీద ఆధారపడిన అబ్బాయిలు, మామూలు క్లాసులో వీళ్ళకంటే మార్కులు ఎక్కువ వచ్చేవాళ్ళు, పరీక్షలో 30 దాటలేకపోయారు.

మీ చెల్లి "అడగడానికి ఎవరూ లేరు" అందని రాశారు కదా. మీ పోస్టు మొత్తంలో నాకు పనికొచ్చిన మాట అదే. వీడియో ఉచితంగా వచ్చేసింది. పక్కన కూర్చునే మనిషిని మాత్రం ఎవరూ పంపరు, మనమే చూసుకోవాలి. ఆమె క్లాసులో ఇంకో ఇద్దరిని పోగెయ్యమనండి. మీ షాపులో ఒక సిస్టమ్, మూడు కుర్చీలు. అంతకంటే పెట్టుబడి అక్కర్లేదు. నాలుగు కోర్సుల్లో మూడు వదిలెయ్యాలి, మొహమాటం లేకుండా.

బోస్టన్ బాచుపల్లి

మేడమ్ చెప్పినదానికి ఒక లెక్క జోడిస్తా. ఇక్కడి హార్వర్డ్, ఎంఐటీ వాళ్ళు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులో పెట్టిన కోర్సుల డేటా మీద 2019లో సైన్స్ పత్రికలో ఒక పేపర్ వచ్చింది. రిజిస్టర్ చేసుకున్నవాళ్ళలో 52 శాతం మంది అసలు కోర్సు లోపలికే అడుగు పెట్టలేదు. 2017-18లో చేరినవాళ్ళలో పూర్తి చేసింది 3.13 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్ళని మాత్రమే చూస్తే 46 శాతం. అంటే మీ చెల్లి మధ్యలో ఆపేసిందని బాధపడకండి, ప్రపంచం మొత్తం అదే చేసింది. ఇక్కడ మా ఆఫీసులో పీహెచ్‌డీలు చేసినవాళ్ళ అకౌంట్లలో కూడా సగం సగం ఆపేసిన కోర్సులు ఉన్నాయి, నావి కూడా.

అదే పేపర్లో ఇంకో సంగతి ఉంది, దాన్ని జనం అంతగా పట్టించుకోరు. పేదదేశాల పిల్లలకి హార్వర్డ్ వస్తుందని 2012లో చాలా హడావుడి చేశారు. తీరా చూస్తే చేరేవాళ్ళ సంఖ్య పెరిగింది దాదాపుగా డబ్బున్న దేశాల్లోనే.

గచ్చిబౌలి లీడ్

శీను బ్రో, నేను ఇంటర్వ్యూలు చేసేవాడిని. సర్టిఫికెట్‌కి విలువ ఉందా అన్నారు. రెజ్యూమె షార్ట్‌లిస్ట్ అవ్వడానికి కొంచెం పనికొస్తుంది, అది కూడా ప్రొక్టర్ (కాపీ కొట్టకుండా చూసే మనిషి) ఉన్న పరీక్ష అయితేనే. వీడియో ఆడించి వదిలేస్తే వచ్చే సర్టిఫికెట్లని మేం చూడం. ఒకబ్బాయి రెజ్యూమెలో రెండు పేజీల నిండా సర్టిఫికెట్లే. అందులో ఒకటి ఎస్‌క్యూఎల్, డేటాబేస్ నుంచి సమాచారం తీసే భాష. రెండు టేబుల్స్ ఇచ్చి కలపమన్నాను. జాయిన్ అన్న మాట తెలుసు, రాయడం రాదు.

తర్వాత ఒక అమ్మాయి వచ్చింది, బీకామ్. ఒక్కటే కోర్సు చేసింది, దానికి సర్టిఫికెట్ కూడా తీసుకోలేదు. వాళ్ళ మామయ్యది పాల కేంద్రం. పొద్దున, సాయంత్రం ఎవరు ఎన్ని లీటర్లు పోశారు, ఫ్యాట్ ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (కొవ్వు కాని ఘనపదార్థం) ఎంత అని రాసుకుని పది రోజులకోసారి బిల్లు కడతారు. అది చేత్తో వేసేవాళ్ళు, ప్రతి బిల్లుకీ ఎవరో ఒకరు వచ్చి పోట్లాడేవాళ్ళు. ఈమె పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. దాన్ని ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించింది. నేను గంట సేపు ప్రశ్నలడిగాను. ఒకే రోజు ఒకే మనిషి రెండుసార్లు పోస్తే ఏం చేశావు, రీడింగ్ తప్పు పడితే ఎలా దిద్దుతావు, పాత రేటు, కొత్త రేటు మధ్యలో మారితే ఎలా. కొన్నింటికి జవాబుంది. కొన్నింటికి "అది ఇంకా చెయ్యలేదు సార్, మామయ్య అప్పుడు చేత్తో దిద్దుతాడు" అంది. తీసుకున్నాం.

మీ షాపు ఉంది కదా. రోజువారీ జిరాక్స్ లెక్క, ఎవరు అప్పు పెట్టారు, ఏ అప్లికేషన్ ఎంతవరకు వచ్చింది, అది రాయమనండి.

డిపో రిటైర్డ్

బాబూ, నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఈ ఆన్‌లైన్లు నాకు తెలియవు గానీ ఓపెన్ చదువు సంగతి తెలుసు. 1982లో మన రాష్ట్రంలో ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు, దేశం మొత్తం మీద అదే మొదటిది. ఇప్పుడు అంబేడ్కర్ గారి పేరుతో ఉంది. నేను పదో తరగతి మీద ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాస్తే డిగ్రీలో చేర్చుకుంటారని తోటి కండక్టరు చెప్తే రాశాను. బీఏ అయింది.

పుస్తకాలు తెలుగులో వచ్చేవి. అదీ విశేషం. పోస్టులో కట్ట వచ్చిన రోజు డిపోలో అందరూ తిరగేసేవాళ్ళు. రేడియోలో పాఠాలు వచ్చేవి, డ్యూటీలో ఉండి నేను విన్నది తక్కువ. నన్ను నిలబెట్టింది ఆదివారం క్లాసు. గవర్నమెంటు కాలేజీలో స్టడీ సెంటరు ఉండేది. టీచర్లు, నర్సులు, పంచాయతీ గుమాస్తాలు, పెళ్ళయ్యాక చదువు ఆగిపోయిన ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. సారు చెప్పింది సగమే అర్థమయినా, బయట టీ కొట్టు దగ్గర మిగతా సగం మాలో మాకే అర్థమయ్యేది. ఆదివారం డ్యూటీ పడితే ఎవరో ఒకరిని బతిమాలి మార్చుకునేవాణ్ణి. మేడమ్ గారు చెప్పిన ముగ్గురు అమ్మాయిల సంగతి చదివితే మా టీ కొట్టు గుర్తుకొచ్చింది.

సూటిగా చెప్తా

అందరూ తెలుగు తెలుగు అంటున్నారు. పచ్చి నిజం చెప్తా, ఇంగ్లీషు రాకుండా సాఫ్ట్‌వేర్‌లో ఏమీ లేదు. తెలుగులో నేర్చుకుంటే తెలుగులోనే ఉండిపోతుంది. మొదటి రోజు నుంచే ఇంగ్లీషు వీడియోలు చూడాలి, అర్థం కాకపోతే అర్థమయ్యేదాకా చూడాలి. నేను అలాగే వచ్చాను.

లోకల్ చాప్టర్ మేడమ్

మీరు వచ్చారు, సంతోషం. మీతో మొదలుపెట్టి మధ్యలో మానేసినవాళ్ళు ఈ థ్రెడ్‌కి వచ్చి రాయరు కదా. ఇంగ్లీషు కావాలి, కాదనను. ఇంటర్వ్యూలో కావాలి, డాక్యుమెంటేషన్ చదవడానికి కావాలి. కానీ లూప్ (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే కోడ్) అంటే ఏంటో, ఇంగ్లీషు వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, రెండు కొత్త సంగతులు ఒకేసారి నేర్చుకోమంటే పిల్లలు మొదటిదాన్ని వదిలేస్తారు. ముందు లూప్ తెలుగులో అర్థం చేసుకుని, ఆ తర్వాత అదే పాఠం ఇంగ్లీషులో వింటే ఆ ఇంగ్లీషు కూడా దారికొస్తుంది. మా ల్యాబ్‌లో నేను ప్రతిరోజూ చూసేది ఇదే.

శీను గారూ, ఇందుకు సరిగ్గా పనికొచ్చేది ఒకటి చెప్తాను. ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్. ఒక్కో పాఠం పది నిమిషాల అటూ ఇటూ. స్క్రీన్ మీద సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషులోనే కనబడుతుంది, మాట మాత్రం తెలుగులో వినిపిస్తుంది, అన్ని పాఠాలకి కాకపోయినా చాలా వాటికి. సగం స్క్రీన్‌లో వీడియో, సగం స్క్రీన్‌లో మనం చేస్తూ పోవడం వాళ్ళ పద్ధతి. లిబ్రే ఆఫీస్, లినక్స్, సీ, పైథాన్ లాంటివన్నీ ఉన్నాయి. పాఠం నడుస్తుండగా ఆపుతూ చెయ్యాలి. చూసేసి తర్వాత చేద్దాం అనుకుంటే అవ్వదు. ఎన్‌పీటెల్‌లో కూడా కొన్ని కోర్సులకి తెలుగు అనువాదం ఉంది. భాష కొంచెం గ్రాంథికంగా అనిపిస్తుంది, అయినా ఇంగ్లీషు పాఠం పక్కన పెట్టుకుని చూడటానికి ఉపయోగమే.

ఇంకో సంగతి, మీ కార్డులో డబ్బులు పోయిన దాని గురించి. ఉచితం వేరు, ఓపెన్ వేరు. కంపెనీ ఉచితంగా ఇచ్చింది కంపెనీ ఇష్టం ఉన్నన్నాళ్ళే. ఎడెక్స్‌లో మొదట్లో హానర్ కోడ్ సర్టిఫికెట్ ఊరికే ఇచ్చేవాళ్ళు, 2015 చివరికి ఆపేశారు. ఎడెక్స్‌ని హార్వర్డ్, ఎంఐటీ లాభాపేక్ష లేకుండా పెట్టాయి, 2021లో ఒక ప్రైవేటు కంపెనీకి అమ్మేశాయి. కోర్సెరాలో కూడా మొదట్లో ఉచితంగా వచ్చిన సర్టిఫికెట్లకి తర్వాత ధర పెట్టారు. వ్యాపారం కదా, తప్పనను. ఓపెన్ లైసెన్సుతో ఇచ్చినవి అలా కాదు. ఎంఐటీ వాళ్ళు తమ క్లాసు పాఠాలని ఓపెన్ కోర్స్‌వేర్ పేరుతో నెట్‌లో పెడతామని 2001లో ప్రకటించారు, స్పోకెన్ ట్యుటోరియల్ కూడా అదే దారి. వీటిని దించుకోవచ్చు, వాళ్ళ పేరు చెప్పి ఇంకొకళ్ళకి ఇవ్వచ్చు. ఎంఐటీ పాఠాలతో మాత్రం మనం వ్యాపారం చెయ్యకూడదు. మీ షాపు సిస్టమ్‌లో ఒక ఫోల్డర్ పెట్టి, ఏ డిగ్రీ పిల్లలు అడిగినా పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి. నెట్ పోయిన రోజు కూడా పాఠం ఆగదు. ఊళ్ళో పది మంది ఒకే పాఠం చూస్తుంటే మీ చెల్లికి అడగడానికి మనుషులు వాళ్ళే దొరుకుతారు.

జిరాక్స్ షాపు శీను

మేడమ్ గారూ, లీడ్ గారూ, పెద్దాయనా, అందరికీ థ్యాంక్స్. పోస్టంతా చెల్లికి ప్రింట్ తీసిచ్చా (ప్రింట్ మనకి ఫ్రీనే). రాత్రి కూర్చుని మూడు కోర్సుల నుంచి బయటికొచ్చింది. వాళ్ళ క్లాసులో సత్తెనపల్లి నుంచి వచ్చే అమ్మాయి ఒకరు, ఇక్కడే బరంపేటలో ఉండే అమ్మాయి ఒకరు సరేనన్నారట. సత్తెనపల్లి అమ్మాయికి బస్సు టైము ఉంది కాబట్టి కాలేజీ అవ్వగానే సాయంత్రం పూట కూర్చుంటామన్నారు. ఆ టైములో నాకు గిరాకీ ఎక్కువ, ఒక సిస్టమ్ పోతే కష్టమే. చూద్దాం, పాత సీపీయూ ఒకటి అటక మీదుంది, ర్యామ్ వేస్తే లేస్తుందేమో.

ఇంకో మూడు డౌట్లు. పైథాన్ ఆ రోపార్ సార్‌దే తీసుకోమంటారా? అమీర్‌పేట సంగతి ఏం చెయ్యాలి, బాబాయి కొడుకు రోజూ ఫోన్ చేస్తున్నాడు. మూడోది, వీడియోలు ఫోన్‌లో చూసుకుంటే సరిపోదా?

గచ్చిబౌలి లీడ్

అమీర్‌పేట మీద నా మాట. అక్కడ చెప్పే సారు కంటే, పక్కన రోజూ కూర్చునే వందమంది వల్ల పని జరుగుతుంది. పొద్దున్నే క్లాసుకి వెళ్ళక తప్పదు, రూములో ఎవరో ఒకరు ప్రాక్టీస్ చేస్తూ ఉంటారు. ఆ వాతావరణానికే డబ్బు కడుతున్నాం. ఇప్పుడే వద్దు. డిగ్రీ అయ్యే టైముకి బేసిక్స్ వచ్చేసి ఉంటే, అప్పుడు రెండు నెలలు వెళ్ళినా ఉపయోగం. ఏమీ రాకుండా వెళ్తే ఆర్నెల్లు ఉన్నా నోట్స్ జిరాక్సులే మిగుల్తాయి, అవి మీ షాపులోనూ దొరుకుతాయి.

లోకల్ చాప్టర్ మేడమ్

రోపార్ సార్ కోర్సు 12 వారాలు, మొదటిసారి నేర్చుకునేవాళ్ళకి అదే తేలిక. ఆటలు, పజిల్స్ ఎక్కువ ఉంటాయి కాబట్టి బోరు కొట్టదు. అది అయ్యాక చెన్నై మాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి మాధవన్ ముకుంద్ గారు చెప్పే డేటా స్ట్రక్చర్స్ కోర్సు 8 వారాలది ఉంది, చాలా శుభ్రంగా చెప్తారు గానీ మొదటే అందులో దిగితే భయపడిపోతారు. హార్వర్డ్ వాళ్ళ కంప్యూటర్ సైన్స్ పరిచయ కోర్సు సీఎస్ ఫిఫ్టీ గురించి కూడా మీ చెల్లి అడుగుతుంది, ఆమె లిస్టులో తప్పకుండా ఉండి ఉంటుంది. అది నిజంగా బాగుంటుంది, ప్రోగ్రామింగ్ లెక్కలన్నీ, చివరి ప్రాజెక్టూ పూర్తి చేస్తే హార్వర్డ్ వాళ్ళ సర్టిఫికెట్ ఉచితంగానే ఇస్తారు, ఎడెక్స్ ముద్ర కావాలంటేనే డబ్బు. కానీ ఆ లెక్కలు కష్టం. మూడో సంవత్సరంలో చెయ్యమనండి.

ఫోన్‌లో చూడచ్చు, కోడ్ రాయడం ఫోన్‌లో కాదు. చిన్న కీబోర్డు మీద బ్రాకెట్లు వెతుక్కుంటూ కూర్చుంటే ప్రాణం విసిగిపోతుంది. వీడియో ఇంట్లో ఫోన్‌లో ఒకసారి చూసి, షాపులో ముగ్గురూ కలిసినప్పుడు రాయడమే పెట్టుకోమనండి. మంగళవారం సాయంత్రానికి అసైన్‌మెంట్ పెట్టేసేలా చూడండి. బుధవారం రాత్రి సైటు నెమ్మదిస్తుంది, ఊళ్ళో కరెంటు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

పరీక్షకి ఇప్పుడే డబ్బు కట్టక్కర్లేదు. చేరాక కొన్ని వారాలకి పరీక్ష రిజిస్ట్రేషన్ తెరుస్తారు, గడువు తేదీ కోర్సు పేజీలో ఉంటుంది. నాలుగైదు అసైన్‌మెంట్లు సొంతంగా రాసి, మార్కులు చూసుకుని అప్పుడు కట్టండి. సెంటర్ ఎంచుకునేటప్పుడు గుంటూరు, విజయవాడ ఏది ఉంటే అది పెట్టుకుని ముగ్గురూ ఒకే చోట, ఒకే పూట వచ్చేలా కలిసి కూర్చుని అప్లై చెయ్యండి, ఒక్కళ్ళని పంపాలంటే ఇళ్ళల్లో గొడవ.

మీ చేతిలో పనే కాబట్టి చివరగా ఒకటి చెప్తున్నా. రిజిస్ట్రేషన్ ఫారంలో పేరు పరీక్షకి తీసుకెళ్ళే ఐడీ కార్డులో ఉన్నట్టే టైప్ చెయ్యండి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తి పేరా అన్నది సరిచూసుకోండి. అదే పేరు సర్టిఫికెట్ మీద పడుతుంది. ప్రతి సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాక "మేడమ్, నా పేరు తప్పు పడింది" అని నా రూము ముందు క్యూ కడతారు. ఫోటో కూడా సెల్ఫీ వద్దు, మీ షాపులోనే తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో తీసి పెట్టండి.

జిరాక్స్ షాపు శీను

పేర్లు, ఫోటోల సంగతి నాకొదిలెయ్యండి మేడమ్. పాత సీపీయూ లేచింది. ర్యామ్‌కి ఏడొందలయింది, సెకండ్ హ్యాండ్. జూలై బ్యాచ్‌లో ముగ్గురి పేర్లూ ఎక్కించేశా.